చీమనే అడగనివ్వండి

పిల్లలు అడిగే ప్రశ్నల్లో కొన్నింటికి పెద్దవాళ్ళు జవాబు చెప్పకుండా ఉండటమే మేలు. “అమ్మా, చీమలకి బెల్లం ఎక్కువ ఇష్టమా, పంచదార ఎక్కువ ఇష్టమా?” అన్నది అలాంటి ప్రశ్న. ఏ డబ్బాకు చీమలు పడతాయో రోజూ చూసే మనకు జవాబు నాలుక చివరే ఉంటుంది. ఆ మాట అక్కడే ఆపుకుని, “ఏమో, చీమలనే అడిగి చూద్దాం పద” అనండి.

పిల్లలు ఇంట్లో చేయదగ్గ ప్రయోగాలన్నిటిలోకీ, ఏ పురుగుకు ఏ తిండి ఇష్టమో కనుక్కోవడం నాకు చాలా ఇష్టమైనది. ఖర్చు లేదు, పరికరాలు అక్కర్లేదు. చీమలు రాని ఇల్లు ఎలాగూ లేదు. అన్నిటికంటే ముఖ్యం, దీనికి జవాబు పుస్తకం చివరి పేజీలో ఉండదు. మీ వాకిట్లో ఉన్న చీమలు ఇవాళ ఏం కోరుకుంటాయో ఏ ప్రొఫెసరుకూ ముందుగా తెలియదు. ఆరేళ్ళ పాప, వాళ్ళ నాన్న, పక్కింటి తాతయ్య ముగ్గురూ ఒకే చోట గొంతుక్కూర్చుని చూడవలసిందే. పెద్దవాళ్ళకూ తెలియని విషయాన్ని పెద్దవాళ్ళతో కలిసి తెలుసుకునే అవకాశం పిల్లలకు ఇంట్లో తరచూ దొరకదు.

తిండ్లు వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఐదారు రకాలు చాలు. పంచదార నీళ్ళు, బెల్లం నీళ్ళు, ఉప్పు నీళ్ళు, నెయ్యి, కొబ్బరి తురుము, ఉడికించిన గుడ్డులో పచ్చసొన ఉంటే బాగుంటుంది. నీచు తినే ఇల్లయితే ఎండు రొయ్యల పొడి కూడా పెట్టవచ్చు. మధ్యలో వాళ్ళు చాక్లెట్టు ముక్కో చిప్సో పెడతామంటే కాదనకండి. షుగరు ఉన్న తాతయ్య కాఫీలో వేసుకునే తీపి మాత్ర పెడతామంటే ఇంకా సంతోషించండి. మన నాలుకను తీపి అని నమ్మించేది చీమను కూడా నమ్మిస్తుందా అన్నది చాలా మంచి ప్రశ్న.

నీళ్ళలా ఉండేవాటిని మూతల్లో పోస్తే చీమలు పడి మునిగిపోతాయి. చిన్న దూది ఉండల్ని వాటిలో ముంచి, ఒక్కోదాన్ని ఒక్కో అట్టముక్క మీద పెట్టించండి. వీటితో పాటు ఉత్త మంచినీళ్ళలో ముంచిన దూది ఉండ ఒకటి తప్పకుండా ఉండాలి. ఎందుకని పిల్లలు అడుగుతారు. అప్పుడు మీరే ఎదురు అడగండి: “ఎండకి దాహం వేసి వచ్చిన చీమ పంచదార నీళ్ళ దగ్గర ఆగిందనుకో, అది తీపి కోసం వచ్చిందో నీళ్ళ కోసం వచ్చిందో మనకెలా తెలుస్తుంది?” కాసేపు ఆలోచించాక వాళ్ళ ముఖంలో కనిపించే మార్పు కోసమైనా ఈ ప్రయోగం చేయించాలి. ప్రయోగశాలల్లో ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళు పాటించే నియమం అదే, పిల్లలు దాన్ని తమంతట తామే పట్టుకున్నారు.

అన్నీ సమానంగా ఉండాలన్న సంగతి పిల్లలకు నేర్పనక్కర్లేదు. పండక్కి అరిసెలు పంచేటప్పుడు “అన్నకి పెద్దది పెట్టావు” అని పట్టుకునే కళ్ళు అవి. ఆ కళ్ళనే ఇక్కడ వాడమనండి. ప్రతి తిండీ అంతే కొలత, చీమల బారుకు అంతే దూరం, అదే నీడ. ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెడితే చీమలు ఎంచుకున్నది తిండినో నీడనో చెప్పలేం. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చేయండి, మిట్టమధ్యాహ్నం వద్దు, చీమలకూ పిల్లలకూ కూడా.

దూది ఉండలు కింద పెట్టేముందు ఒక పని ఉంది. ఎవరేం అనుకుంటున్నారో నోట్‌బుక్కులో రాయించండి. మీ ఊహ కూడా మీ పేరుతో రాయండి. ముందే రాసిపెట్టుకోకపోతే, ఫలితం కనబడగానే “నేను ముందే అనుకున్నా” అనేస్తాం, అది పిల్లలకీ పెద్దలకీ ఉన్న అలవాటే. రాసిన ఊహ కొట్టివేయకూడదన్నది ఇంటి నియమం చేయండి.

ఆ తరవాత ఐదేసి నిమిషాలకు ఒకసారి ఏ తిండి దగ్గర ఎన్ని చీమలున్నాయో లెక్క రాయాలి. చీమలు ఒకచోట నిలబడవు కాబట్టి చిన్నపిల్లలు లెక్క తప్పి విసుక్కుంటారు. ఫోన్‌తో ఫొటో తీసి, తరవాత నింపాదిగా ఆ ఫొటోలోని చీమల్ని లెక్కపెట్టుకోమనండి. గంటసేపు చాలు. ఆ గంటలో సగం సేపు ఏమీ జరగకపోవచ్చు. అప్పుడే మన ఓపిక తెలుస్తుంది. “ఇంకా రాలేదేంటి, జరిపి దగ్గర పెట్టు” అని తొందరపెట్టేది సాధారణంగా పిల్లలు కాదు, మనమే.

ఖాళీగా ఉన్న ఆ సమయంలో భూతద్దం ఇచ్చి ఒక్క చీమను చూడమనండి. తీపి నీటి దగ్గరికి వచ్చిన చీమ ముందు మీసాలతో తడుముతుంది. తరవాత దవడలు తెరిచి, తల వంచి, కదలకుండా తాగడం మొదలుపెడుతుంది. చూస్తుండగానే పొట్ట ఉబ్బుతుంది. నల్లగా నున్నగా ఉన్న పొట్ట మీద లేత రంగు చారలు బయటపడతాయి. అవి కొత్తగా వచ్చిన చారలు కావు. పొట్టకు పైనున్న గట్టి పలకలు ఒకదానికొకటి దూరం జరిగితే మధ్యలో ఉన్న మెత్తని పొర కనిపిస్తుంది, అంతే. కడుపు నిండాక అది వెనక్కి తిరిగి, దారిలో ఎదురైన మరో చీమతో నోరూ నోరూ కలిపి కాసేపు ఆగుతుంది. తాగినదాంట్లో కొంత పక్కదానికి పంచుతోందన్నమాట. చీమకు రెండు పొట్టలుంటాయి, ఒకటి తనకు, ఒకటి పుట్టలో అందరికీ. మైసూరుకు చెందిన ఒక శాస్త్రవేత్త చిన్న చీమలకు రంగురంగుల తీపి నీళ్ళు పెట్టి తీసిన ఫొటోలు కొన్నేళ్ళ కిందట ప్రపంచమంతా చూసింది. పొట్ట అద్దంలా ఉండే ఆ చీమలు ఎర్ర నీళ్ళు తాగితే ఎర్రగా, పచ్చ నీళ్ళు తాగితే పచ్చగా మెరిశాయి. మీ ఇంట్లోనూ తల ముదురు రంగులో, పొట్ట దాదాపు పారదర్శకంగా ఉండే బుల్లి చీమలు తిరుగుతుంటే కేకులో వేసే రంగు చుక్కతో పిల్లలు ఇది చూడగలరు.

ఇక లెక్కలో దాగి ఉన్న ఒక చిక్కు గురించి చెప్పాలి, పెద్దపిల్లలున్న ఇంట్లో దీని మీద ఎక్కువసేపు మాట్లాడుకోవచ్చు. బెల్లం దగ్గర యాభై చీమలు, పంచదార దగ్గర పది ఉంటే బెల్లమే ఎక్కువ ఇష్టమని తేల్చేయవచ్చా? అంత త్వరగా వద్దు. తిండి దొరికిన చీమ తిరిగి వెళ్ళేటప్పుడు పొట్ట చివర నేలకు రాస్తూ వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని మిగతావి వస్తాయి, వచ్చినవీ వాసన వదులుతాయి. కాబట్టి అందరికంటే ముందు కంటబడిన తిండి దగ్గర జనం పెరుగుతూ పోతారు. బెల్లం రుచి వల్ల గెలిచిందో, ముందు దొరకడం వల్ల గెలిచిందో ఒక్కసారికి తెలియదు. “అయితే ఏం చేద్దాం?” అని అడిగి ఊరుకోండి. స్థానాలు మార్చి మళ్ళీ పెట్టాలని చాలామంది పిల్లలు చెప్పగలుగుతారు. నేలను సబ్బునీళ్ళతో తుడిచి, కొత్త అట్టముక్కలు వేసి, బెల్లం ఉన్నచోట పంచదార పెట్టి మరోరోజు చూస్తారు. చోటు మారినా బెల్లమే గెలిస్తే అప్పుడు నమ్మకం కుదురుతుంది.

1965లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ ఫైన్‌మన్‌కు చీమల దారులంటే ఇలాంటి ఆసక్తే ఉండేది. కాలిఫోర్నియాలో తన ఇంట్లో స్నానపు తొట్టి దగ్గరికి చీమలు వస్తుంటే, ఆయన ఒక మూల పంచదార పెట్టి, ఏదో ఒక చీమకు అది కనబడేదాకా మధ్యాహ్నమంతా కాపలా కాశాడు. అది ఇంటికి తిరిగి వెళ్తుంటే దాని వెనకే రంగు పెన్సిలుతో గీత గీసుకుంటూ పోయాడు. మొదటి చీమ గీత వంకర్లు తిరిగింది. వెనక వచ్చినవి ఆ దారిని సరిగ్గా పట్టుకోలేక మలుపులు కత్తిరించుకుంటూ పోవడంతో, గీత తరవాత గీత తిన్ననవుతూ వచ్చింది. ఏ చీమకూ తిన్నని దారి ఎక్కడుందో తెలియదు, అయినా దారి తిన్నగా తయారైంది. ఆయన దీన్ని కనుక్కున్నది రంగు పెన్సిళ్ళతో. మీ ఇంట్లోనూ అవి ఉన్నాయి.

తల్లిదండ్రులకు అసలు పరీక్ష ఫలితం వచ్చాక మొదలవుతుంది. చీమలు తీపిని వదిలేసి పచ్చసొన మీద మూగుతాయి. లేదా నెయ్యి దగ్గరికి పోతాయి. లేదా మీరు పెట్టిన దేని జోలికీ పోక పక్కన చచ్చిపడున్న బొద్దింకను లాక్కుపోతాయి. పాప బిక్కముఖం వేసి “తప్పు వచ్చింది నాన్నా” అంటుంది. ఆ క్షణంలో మనం అనే మాట ఆ పిల్ల చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది. “మళ్ళీ సరిగ్గా చెయ్యి” అంటే, సరైన జవాబు ఎక్కడో ముందే ఉంది, దాన్ని రప్పించడమే ప్రయోగం అని నేర్పినట్టు. “చీమలు అలా చెప్పాయా? ఎందుకై ఉంటుంది?” అంటే, చూసినదాన్ని నమ్మవచ్చని నేర్పినట్టు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా గురించే.

ఎందుకై ఉంటుందో మీరు తెలుసుకుని ఉండండి, ఒకటి రెండు రోజులు ఆగాకే చెప్పండి. బయట తిరిగే పనిచీమకు కావలసింది ప్రధానంగా తీపి, నడవడానికీ మోయడానికీ అదే బలం. దాని నడుము ఎంత సన్నగా ఉంటుందంటే గట్టి ముక్క అందులోంచి దిగదు. అది రసం మాత్రమే మింగుతుంది. పుట్టలో పెరుగుతున్న పిల్ల పురుగులకు మాంసకృత్తులు కావాలి, అవి గట్టి తిండిని అరిగించుకోగలవు. పుట్టలో పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో చీమలు గుడ్డు, రొయ్య, చచ్చిన పురుగుల కోసం ఎక్కువగా వెతుకుతాయి. అంటే పచ్చసొన మోసుకుపోతున్న చీమ తన కోసం కాదు, ఇంట్లో ఉన్న పసివాళ్ళ కోసం సరుకు తీసుకెళ్తోంది. ఈ సంగతి విన్న పిల్లలు రెండు నెలలాగి మళ్ళీ అదే ప్రయోగం చేద్దామంటారు. చేయనివ్వండి. అప్పుడు ఫలితం మారిందంటే ముందుది తప్పని కాదు, పుట్టలో పరిస్థితి మారి ఉండవచ్చు.

ఉప్పు సంగతి ఇంకా బాగుంటుంది. ఉప్పు నీళ్ళ దూదిని చాలామంది పిల్లలు ఓడిపోయే పోటీదారు అనుకునే పెడతారు. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో చాలాచోట్ల చీమలకు ఉప్పు నీళ్ళూ చక్కెర నీళ్ళూ పెట్టి చూసిన శాస్త్రవేత్తలు 2008లో తమ ఫలితాలు ప్రచురించారు. సముద్రానికి దూరం పోయేకొద్దీ చీమలకు ఉప్పు మీద ఆశ పెరిగింది. వంద కిలోమీటర్లు దాటి లోపలికి పోతే, కొన్ని చోట్ల చక్కెర కంటే ఉప్పుకే ఎక్కువగా వచ్చాయి. సముద్రపు గాలి, వాన తీరంలో ఉప్పును చల్లుతాయి, లోతట్టు ప్రాంతాలకు అది అందదు. మన తెలుగు కుటుంబాలకు ఇది చేతికందిన అవకాశం. పెద్దమ్మ పిల్లలు కాకినాడలోనో విశాఖలోనో ఉంటారు, పిన్ని పిల్లలు నిజామాబాద్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఉంటారు. ఒకే ఆదివారం ఒకే కొలతతో రెండుచోట్లా ఉప్పు నీళ్ళు పెట్టి, సాయంత్రం వీడియో కాల్‌లో లెక్కలు సరిచూసుకోమనండి. రెండుచోట్లా ఉన్నది ఒకే రకం చీమేనా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా, ఆ ప్రశ్నకు జవాబు లేకుండా లెక్కల్ని పోల్చలేం.

ఇంట్లో పెద్దవాళ్ళ నోట వినే మాటల్ని పరీక్షించడానికి కూడా పిల్లలకు అనుమతి ఉండాలి. బియ్యప్పిండితో ముగ్గు వేసేది చీమలకు తిండి పెట్టడానికే అని నాయనమ్మలు చెబుతారు. ఇప్పుడు చాలా ఇళ్ళ ముందు వేసేది బియ్యప్పిండి కాదు, రాతి పొడి. తెల్లవారుజామున పక్కపక్కనే రెండు చిన్న ముగ్గులు, ఒకటి బియ్యప్పిండితో, ఒకటి రాతి ముగ్గుపిండితో వేసి, గంటగంటకీ చూడమనండి. వచ్చిన చీమ అక్కడే తింటుందా, నలుసు మోసుకుపోతుందా? మోసుకుపోతే ఏ జాతి మోసుకుపోతోంది, నల్లదా, ఎర్రదా? పొలం గట్ల మీద గింజలు కూడబెట్టే చీమలుంటాయి, వాటి పుట్ట నోటి చుట్టూ ఒలిచి పారేసిన పొట్టు గుట్టగా పడి ఉంటుంది. అవి ఉన్న ఊళ్ళో ఫలితం ఒక రకంగా ఉండవచ్చు, అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఇంకో రకంగా ఉండవచ్చు. పసుపు గీత దాటి చీమ రాదన్న మాటనూ ఇలాగే చూడవచ్చు. నాయనమ్మను కూడా పక్కన పీట వేసి కూర్చోబెట్టండి. ఆమె మాట నిజమైతే ఆనందిస్తుంది, కాకపోతే ఇంకో పది సంగతులు చెబుతుంది, వాటిలో రెండైనా పరీక్షించదగ్గవి ఉంటాయి.

పిల్లలకు చీమలు చాలనిపించాక కరివేపాకు మొక్క దగ్గరికి తీసుకెళ్ళండి. కుండీలో కరివేపాకు గానీ నిమ్మమొక్క గానీ ఉన్న ఇంట్లో, లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే నల్లని చిన్న పురుగు ఒకటి తరచూ దొరుకుతుంది. అది రెట్ట కాదు, నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. తినబోయే పిట్టల్ని ఏమార్చడానికి ఆ వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది, పిల్లలు కేక వేసి వెనక్కి గెంతుతారు. ఈ పురుగు ముందు, మూతపెట్టే వెడల్పాటి డబ్బాలో, కరివేపాకు, నిమ్మాకు, మందారాకు, తమలపాకు ముక్కలు సమాన దూరంలో పెట్టి ఓ గంట చూడమనండి. ఆకు అంచును ముందు కాళ్ళతో పట్టుకుని, తల పైనుంచి కిందికి వంపుగా ఆడిస్తూ కొరుకుతుంది. నిశ్శబ్దంగా ఉంటే ఆకు మీద అర్ధచంద్రంలా గంటు పెరగడం కంటికి కనిపిస్తుంది. మందారాన్ని తడిమి చూసి, కొరకకుండానే తిరిగి వెళ్ళిపోవడం కూడా కనిపిస్తుంది. దానికి తగిన మొక్కను ఎంచిపెట్టింది తల్లి సీతాకోకచిలుక. అది గుడ్డు పెట్టేముందు ఆకు మీద కాళ్ళతో తట్టి రుచి చూస్తుంది, దాని రుచి తెలుసుకునే అవయవాలు కాళ్ళకు కూడా ఉంటాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. బజారులో కొన్న కరివేపాకు పెట్టకండి, దాని మీద మందు చల్లి ఉంటే పురుగు చచ్చిపోతుంది, పిల్ల ఏడుస్తుంది. ప్రయోగం అయ్యాక దాన్ని ఎక్కడ తీశారో ఆ మొక్క మీదే వదలండి. “నిమ్మ మీద పెరిగిన పురుగు కరివేపాకు తింటుందా” అని చూడటం మంచిదే. చాలా గొంగళిపురుగులకు మొదట తిన్న ఆకు మీదే మమకారం ఏర్పడుతుంది. తినడం లేదని తెలిశాక మాత్రం దాన్ని రాత్రంతా పస్తు ఉంచకూడదు.

ఏ పురుగుకు ఏ ఆకో ఇలాగే పెంచి చూసి తెలుసుకున్న పిల్ల ఒకతె ఉండేది. 1647లో పుట్టిన మారియా సిబిల్లా మెరియన్ అనే జర్మన్ అమ్మాయి పదమూడేళ్ళకే పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టింది. పురుగులు మురికిలోంచి వాటంతట అవే పుడతాయని జనం నమ్మే రోజులవి. ఆమె ఒక్కో గొంగళిపురుగునూ తెచ్చి పెంచి, అది ఏ మొక్క తింటుందో ఆ మొక్కతో సహా బొమ్మ వేసింది. 1679లో పుస్తకం తెచ్చింది. యాభై దాటాక చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడలో వెళ్ళి, అక్కడి పురుగుల్నీ అలాగే చిత్రించి 1705లో ఇంకో గొప్ప పుస్తకం ఇచ్చింది. చిన్నప్పుడు మెరియన్‌కు చిత్రలేఖనం నేర్పింది చిత్రకారుడైన ఆమె సవతి తండ్రి. ఇంటినిండా పురుగులు పెంచుతుంటే ఇంట్లోవాళ్ళు పారేయలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఎక్కువగా ఆలోచన వచ్చేది ఆ ఇంటివాళ్ళ గురించే.

మన దగ్గర హిందూపురం వైపు వెళ్ళే పని ఉంటే పట్టుపురుగులు పెంచే ఇంటిని పిల్లలకు చూపించండి. ఆ పురుగుకు మల్బరీ ఆకు తప్ప మరొకటి పట్టదు. అదే మహాదేవపూర్, చెన్నూరు అడవుల వైపు దసలి పట్టుపురుగు మద్దిచెట్టు ఆకు తింటుంది, ఎరి పట్టుపురుగు ఆముదం ఆకు తింటుంది. ఎవరి చెట్టు వారిదే. మల్బరీ పురుగు అంత పట్టుదలగా ఉండటానికి కారణం రుచిని గుర్తించే ఒకే ఒక జన్యువని 2019లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. ఆ జన్యువు పనిచేయకుండా చేసిన పురుగులు ఇతర ఆకుల్నీ, పండ్లను కూడా కొరికాయి. అంటే ఆ పురుగు ఇష్టం సగం అయిష్టమేనన్నమాట. ఇష్టాయిష్టాలు మారతాయి కూడా. బొద్దింకల్ని చంపడానికి తీపిలో మందు కలిపి పెడుతూ పోతే, కొన్ని బొద్దింకల వంశాలకు గ్లూకోజు చేదుగా తగలడం మొదలైందని 2013లో తేలింది. తీపిని ఇష్టపడినవి చచ్చిపోయాయి, అసహ్యించుకున్నవి మిగిలి పిల్లల్ని కన్నాయి. పదేళ్ళు దాటిన పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణతో జీవపరిణామం అర్థమవుతుంది.

భద్రత గురించి సూటిగా చెబుతాను. కుట్టే ఎర్ర చీమల పుట్ట దగ్గర ప్రయోగం వద్దు, నల్ల చీమలు తిరిగే చోటు చూసుకోండి. టెక్సస్ లాంటి చోట్ల ఉంటున్న తెలుగు కుటుంబాల పెరళ్ళలో నిప్పుచీమలు ఉంటాయి, అక్కడ చెప్పులు లేకుండా పిల్లల్ని దింపవద్దు. మునగచెట్టు మొదట్లో గుంపుగా పట్టే బొచ్చు గొంగళ్ళను ముట్టుకోనివ్వకండి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. పురుగు కుట్టాక ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యాలు చూసుకుంటూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చీమల మందు సుద్దముక్కతో గీసిన నేల మీద పిల్లలు చేతులు పెట్టకూడదు, ప్రయోగమూ అక్కడ పనికిరాదు. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వాడిన తిండి చెత్తలో వేయాలి.

ప్రయోగం ముగిశాక చీమల్ని ఏం చేస్తారన్నది కూడా పిల్లలు గమనిస్తారు. గంటసేపు పేరుపేరునా చూసిన ప్రాణుల మీద అమ్మ వేడినీళ్ళు పోస్తే ఆ పిల్లకు ఏమని అర్థమవుతుంది? తిండి తీసేసి, దారిని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే వాసన పోతుంది, చీమలు వాటంతట అవే చెదిరిపోతాయి. దయ వేరే పాఠంగా చెప్పనక్కర్లేదు, ఇలాంటి పనుల్లోనే అది పిల్లలకు అబ్బుతుంది.

ఇక బడి. సైన్స్ ఫెయిర్ అనగానే చార్టు షాపుకు పరిగెత్తే అలవాటు మన ఊళ్ళన్నిటా ఉంది. తయారుగా ఉన్న మోడల్ కొని, ముద్రించిన వివరణ బట్టీ పట్టించి పంపుతున్నాం. దాని బదులు మీ పాప నోట్‌బుక్కును, కొట్టివేతలతో, బెల్లం మరకలతో, ఉన్నదున్నట్టు పంపండి. “మేం బెల్లం గెలుస్తుందనుకున్నాం, పచ్చసొన గెలిచింది, ఎందుకో ఇంకా చూస్తున్నాం” అని ఒక పిల్ల తన మాటల్లో చెబితే ఆ మాట విలువ తెలిసిన టీచరు తప్పకుండా గుర్తిస్తారు. గుర్తించకపోయినా నష్టం లేదు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పిల్లల దగ్గర కోరుకున్నది కూడా తమ చుట్టూ ఉన్నదాన్ని తామే జట్టుగా పరిశీలించి చెప్పమనే. జన విజ్ఞాన వేదిక వారి ‘చెకుముకి’ పత్రిక ఇంటికి తెప్పిస్తే ఇలాంటి పనులకు తెలుగులోనే తోడు దొరుకుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: లెక్క అందంగా కనబడాలని ఏ అంకెనూ మార్చనివ్వకండి, మీరు మార్చకండి. మార్కుల కోసం ఒక్కసారి మార్చిన అంకె, చూసినదానికంటే చూపించుకునేదే ముఖ్యమని నేర్పుతుంది.

ఇలాంటి పనిలో పిల్లల్ని కలుపుకోవడం కొత్తేమీ కాదు. డార్విన్ ఇంగ్లండులోని తన తోటలో తుమ్మెదలు ఏ దారిన పోతాయో తెలుసుకోవాలనుకుని, తన పిల్లల్నే ఒక్కొక్కరినీ ఒక్కో చోట నిలబెట్టాడు. తుమ్మెద కనబడగానే కేక వెయ్యమన్నాడు. పిల్లలు కేకలు వేస్తుంటే తండ్రి దారి రాసుకున్నాడు. ఆ పూట అది ఆయన పరిశోధన, వాళ్ళకు ఆట. మనకు అంత పెద్ద తోట అక్కర్లేదు, మెట్ల పక్కన రెండడుగుల చోటు చాలు.

వచ్చే ఆదివారం పొద్దున ఒక గంట ఫోన్ పక్కన పెట్టి, ఫొటోలకు మాత్రమే తీసి, పిల్లలతో నేల మీద కూర్చోండి. వాళ్ళు ఏదైనా అడిగితే, తెలిసినా సరే, ముందు “నువ్వేమనుకుంటున్నావు?” అనండి. తెలియకపోతే తెలియదనే చెప్పండి. దూది, అట్టముక్కలు, చిటికెడు బెల్లం ఇవాళే తీసి పక్కన పెట్టుకోండి.